లేనివన్నీ లోట్లు కావు

కొత్త టూరింగ్ బండి ఏది వచ్చినా రైడర్లు రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టు బండిలో ఉన్నవాటిని చూసి మురిసిపోతుంది, రెండో జట్టు లేనివాటి జాబితా తీస్తుంది. హిమాలయన్ 450 చుట్టూ ఇదే వాదన ఏళ్ల తరబడి సాగింది. ఏ లేమితో సర్దుకుపోవచ్చు? దేన్ని గట్టిగా నిలదీయాలి? ఈ వారం ముఖచిత్ర కథనం.

2023 నవంబరులో గోవాలో జరిగిన మోటోవర్స్ వేడుకలో రాయల్ ఎన్‌ఫీల్డ్ తన కొత్త హిమాలయన్ 450 ధరను ప్రకటించింది. ఎక్స్ షోరూమ్ ప్రారంభ ధర 2.69 లక్షల రూపాయలు. బుల్లెట్ చప్పుడుతో, గాలికి చల్లబడే ఇంజన్లతో దశాబ్దాలుగా పేరు తెచ్చుకున్న కంపెనీ నుంచి లిక్విడ్ కూలింగ్ ఇంజనుతో వచ్చిన మొదటి బండి ఇది. 452 సీసీ ఇంజను, 40 హార్స్‌పవర్, 40 న్యూటన్ మీటర్ల టార్కు, ఆరు గేర్లు, గూగుల్ మ్యాప్‌ను పూర్తిగా చూపించే గుండ్రటి తెర చూసి, లద్దాఖ్ కల కంటున్న కుర్రకారు ఇంతకంటే ఏం కావాలనుకున్నారు. వెనువెంటనే లేనివాటి జాబితా కూడా తయారైంది. ట్యూబ్‌లెస్ టైర్లు లేవు. ట్రాక్షన్ కంట్రోల్ లేదు. క్రూజ్ కంట్రోల్ లేదు. క్విక్ షిఫ్టర్ లేదు. చౌక బళ్లలో ఉన్నవి కూడా ఇందులో ఎందుకు లేవని ఒకరు అడిగితే, అవేవీ లేకుండానే మన ముందు తరం ఖర్దుంగ్ లా కనుమ ఎక్కలేదా అని మరొకరు ఎదురు ప్రశ్న వేశారు.

ఇది కాలక్షేపపు వాదన కాదు. మన దగ్గర టూరింగ్ బండి కొనేవారిలో ఎక్కువమందికి అదొక్కటే బండి. సోమవారం ఆఫీసుకూ అదే, దసరా సెలవుల్లో అరకుకూ అదే, ఎప్పటికైనా వెళ్లాలనుకునే లేహ్‌కూ అదే. ఏళ్ల పొదుపు, పైన బ్యాంకు వాయిదాలు కలిస్తే గానీ ఆ బండి ఇంటికి రాదు. ఒకసారి తీసుకుంటే కనీసం అయిదారేళ్లు దానితోనే గడపాలి. అంత బరువైన నిర్ణయానికి ఫీచర్ల లెక్క ఒక్కటే ఆధారం కాకూడదు, అభిమానం ఒక్కటే ఆధారం కాకూడదు. ఒక బండిలో ఎన్ని లేవన్న లెక్కతో దాని విలువ తేలదు. ఆ లేమిని కొన్నవాడు తర్వాత తన చేతులతో, తన ఖర్చుతో తీర్చుకోగలడా లేదా అన్నదే అసలు ప్రశ్న. తీర్చుకోగలిగితే అది ఎంపిక. తీర్చుకోలేక, ప్రాణానికో ప్రయాణానికో ముప్పు తెచ్చేదైతే అది లోటు. ఈ గీత గీసి చూస్తే రెండు జట్ల మాటల్లోనూ నిజమెంతో, అతి ఎంతో తేలుతుంది.

పాత హిమాలయన్ చెప్పిన నిజం

2016లో వచ్చిన తొలి హిమాలయన్ దగ్గర మొదలుపెడితే ఈ వాదన మూలం దొరుకుతుంది. 411 సీసీ ఇంజను, 24.5 హార్స్‌పవర్, అయిదు గేర్లు. అంత సీసీకి ఆ శక్తి తక్కువేనని అప్పుడే అందరూ అన్నారు. దాదాపు అదే పరిమాణంలో 373 సీసీ కేటీఎం డ్యూక్ 40కి పైగా హార్స్‌పవర్ ఇస్తున్న రోజులవి. హిమాలయన్ మొదట కార్బ్యురేటర్‌తో వచ్చింది. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. తొలి విడత బళ్ల నాణ్యతపై ఫిర్యాదులు కూడా గట్టిగానే వినిపించాయి. కాగితం మీద చూస్తే గెలవాల్సిన బండి కాదు. అయినా కొద్ది ఏళ్లలోనే మనాలీ నుంచి స్పితి దాకా అద్దె బళ్ల దుకాణాల ముందు బుల్లెట్ల పక్కన హిమాలయన్లు వరుస కట్టాయి. ముందు 21 అంగుళాల చక్రం, 200 మిల్లీమీటర్ల సస్పెన్షన్, నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తు, 15 లీటర్ల ట్యాంకు, సగటు భారతీయుడి కాలు నేలకు ఆనే 800 మిల్లీమీటర్ల సీటు దాని ఆస్తి. రాళ్ల దారిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, తక్కువ ఆర్‌పీఎంలో, ఇంజను ఆగిపోకుండా పాక్కుంటూ వెళ్లే గుణం దానికి ఉంది. హిమాలయాల్లో బండిని అడిగేది ప్రధానంగా అదే.

అంటే ఫీచర్ల పట్టిక బండిని పూర్తిగా పట్టి ఇవ్వదు. ఇది మొదటి జట్టుకు బలం. అయితే అదే బండి చరిత్రలో రెండో జట్టుకూ అంతే బలం ఉంది. కంపెనీ 2017లో బీఎస్4 ఉద్గార నిబంధనలతో పాటు ఫ్యూయల్ ఇంజెక్షన్ తెచ్చింది. 2018లో రెండు చక్రాలకూ ఏబీఎస్ పెట్టింది. 2020లో బీఎస్6తో పాటు వెనక చక్రం ఏబీఎస్‌ను ఆపుకునే మీట ఇచ్చింది. ఇవేవీ వద్దని, ఉన్నదే చాలని అందరూ ఊరుకుని ఉంటే ఆ బండి 2016 దగ్గరే నిలిచిపోయేది. చట్టం కొంత నెట్టింది, కొన్నవాళ్ల గొంతు కొంత నెట్టింది. అడగడం వల్లే బళ్లు మెరుగుపడతాయి. బండిని ప్రేమించడానికీ దాని లోటును అడగడానికీ మధ్య వైరం లేదు.

దారి ఏం అడుగుతుంది?

కొత్త బండి ఆకర్షణ ఎక్కడుందో ముందు న్యాయంగా చూడాలి. మనాలీ నుంచి లేహ్ వెళ్లే దారిలో కేలాంగ్‌కు ముందు తాండి అనే చోట పెట్రోలు బంకు ఉంది. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని రాసిన అక్కడి బోర్డు రైడర్లందరికీ తెలుసు. లీటరుకు 28 కిలోమీటర్లు వస్తే ఆ దూరానికి 13 లీటర్లు కావాలి. ఎత్తులో, సామానుతో, ఒకటో గేరు రెండో గేరు ఎక్కువగా వాడుతూ వెళ్తే మైలేజీ 25కు పడిపోవచ్చు. అప్పుడు 14.6 లీటర్లు కావాలి. హిమాలయన్ 450లో 17 లీటర్ల ట్యాంకు ఉంది. 13 లీటర్లదో 14.5 లీటర్లదో ట్యాంకున్న బండిపై వెళ్లేవాడు జెర్రీ క్యాన్ కట్టుకోవాలి, లేదా దారిలో సీసాల్లో అమ్మే పెట్రోలు మీద ఆధారపడాలి. ప్రకటనల్లో పెద్దగా కనిపించని ఈ రెండు మూడు లీటర్ల తేడా ఆ దారిలో క్విక్ షిఫ్టర్ కంటే ఎన్నో రెట్లు విలువైనది.

ఎత్తు సంగతి కూడా ఇలాంటిదే. అదే దారిలోని తంగ్‌లంగ్ లా కనుమ 5,300 మీటర్లు దాటి ఉంటుంది. అక్కడ ఇంజనుకు అందే గాలి సముద్రతీరంలో అందేదానిలో సగం కంటే కొంచెమే ఎక్కువ. గాలి తగ్గితే మండే పెట్రోలు తగ్గుతుంది, శక్తీ ఆ మేరకు తగ్గుతుంది. స్థూలంగా లెక్కేస్తే పాత హిమాలయన్ 24 హార్స్‌పవర్ అక్కడ 13 చుట్టుపక్కలకు దిగుతుంది. వెనక మనిషి, రెండు వైపులా సంచులు ఉంటే ఆ మిగిలిన శక్తితో ఎక్కడం కష్టం. 40 హార్స్‌పవర్ ఇంజను అదే చోట 20 పైచిలుకు మిగుల్చుకుంటుంది. అంటే కొత్త ఇంజను శక్తి హైవేపై పందేల కోసమే అనుకోవడం పొరపాటు. నిండు బరువుతో కనుమ ఎక్కేవాడికే అది ఎక్కువ అక్కర. లిక్విడ్ కూలింగ్ ప్రయోజనం అర్థం కావాలంటే అంత దూరం కూడా పోనక్కర్లేదు. ఎండాకాలంలో రామగుండం, నిజామాబాద్ మీదుగానో, విజయవాడ నుంచి ఒంగోలు వైపో మిట్టమధ్యాహ్నం గంటల తరబడి నడిపితే, గాలికి మాత్రమే చల్లబడే పెద్ద ఇంజను ఎంత అలసిపోతుందో తెలుస్తుంది.

వీటికి తోడు ముందు 43 మిల్లీమీటర్ల షోవా ఫోర్కులు, ముందూ వెనకా 200 మిల్లీమీటర్ల సస్పెన్షన్, 825 నుంచి 845 మిల్లీమీటర్ల దాకా మార్చుకోగల సీటు, ఇంకా తక్కువ ఎత్తు కావాలనుకునేవారికి విడిగా 805 మిల్లీమీటర్ల సీటు ఉన్నాయి. 2020లో మన దేశానికి వచ్చిన కేటీఎం 390 అడ్వెంచర్‌లో మలుపుల్లో పనిచేసే ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్, క్విక్ షిఫ్టర్ అన్నీ ఉన్నాయి. కానీ దాని సీటు ఎత్తు 855 మిల్లీమీటర్లు. అయిదడుగుల అయిదు అంగుళాల మనిషికి ఇసుకలోనో వాగులోనో బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు నేలకు ఆనే కాలే మొదటి భద్రత. అందుకే అన్ని ఎలక్ట్రానిక్స్ ఉన్న బండిని కాదని, అవి లేని బండిని కోరి కొన్నవారిని తెలియనివారని కొట్టేయడం తప్పు. వారు తమ ఒంటికి, తమ దారికి సరిపోయేదాన్ని ఎంచుకున్నారు.

మూడు రకాల లేమి

ఇక లేనివాటి సంగతి. వాటన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే వాదన దారి తప్పుతోంది. మొదటి రకం, కొన్న తర్వాత ఎవరికి వారు చేర్చుకోగలిగేవి. ఎత్తయిన అద్దం, చేతులకు రక్షణ కవచాలు, ఇంజను కింద లోహపు పలక, ఫాగ్ లైట్లు, సామాను పెట్టెలు, మెత్తటి సీటు ఈ కోవలోకి వస్తాయి. కంపెనీవే కావాలన్న నియమం లేదు, బయటా దొరుకుతాయి. వీటిని బండితో పాటే ఇవ్వాల్సిందన్న వాదనలో పస తక్కువ. రోజూ ఆఫీసుకే వెళ్లేవాడు ఇనుప పెట్టెల బరువూ ఖరీదూ ఎందుకు మోయాలి? ఎవరి ప్రయాణానికి ఏది కావాలో వారు అమర్చుకోవడమే మేలు. కాకపోతే కొనేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. షోరూమ్ ధరలను పోల్చుకుని సంతృప్తి పడకుండా, ప్రయాణానికి పూర్తిగా సిద్ధమైన బండికి ఎంతవుతుందో పోల్చుకోవాలి.

రెండో రకం, ఉంటే బాగుంటుంది గానీ లేకపోయినా ప్రయాణం ఆగనివి. క్లచ్ నొక్కకుండా గేరు మార్చే క్విక్ షిఫ్టర్ ఇందులోదే. హిమాలయన్ క్లచ్ తేలికగా నొక్కగలిగే స్లిప్ అసిస్ట్ రకం కాబట్టి ఆ కొరత ఇంకా తక్కువ. వేగాన్ని దానంతట అదే నిలిపి ఉంచే క్రూజ్ కంట్రోల్ విషయంలో మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆదిలాబాద్ నుంచి అనంతపురం దాకా రోజంతా నడిపితే కుడి మణికట్టు నొప్పి పుట్టడం సహజం. ఆ అలసట తీర్చే సదుపాయాన్ని విలాసమని తీసిపారేయలేం. అయితే దాన్ని వాడుకునే వీలు మన రోడ్లపై ఎంత? అడ్డంకుల్లేని హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి, ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. నాలుగు వరుసల రహదారి మీద వాటికి 2018లో కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. ఆ రహదారి మీదా ఎదురుగా వచ్చే ట్రాక్టరు, డివైడరు మధ్య నుంచి దాటే పశువులు, ఊరి ముందు స్పీడ్ బ్రేకరు తప్పవు. యూరప్‌లో, ఆస్ట్రేలియాలో ఈ బండి కొన్నవాడికి క్రూజ్ కంట్రోల్ లేమి పెద్ద విషయమే. ఇక్కడ అది సౌకర్యాల్లో ఒకటి.

మూడో రకం వేరు. కొన్నవాడు తర్వాత తన అంతట చేర్చుకోలేనివి, లేకపోతే ముప్పు తెచ్చేవి. ఇవి ఫ్యాక్టరీలోనే రావాలి. మన గొంతు పెంచాల్సింది వీటి దగ్గరే. హిమాలయన్ 450 విషయంలో ఈ కోవలోకి వచ్చినవి రెండు, ట్యూబ్‌లెస్ చక్రాలు, ట్రాక్షన్ కంట్రోల్.

ట్యూబు నేర్పిన పాఠం

రాళ్ల దారికి అల్లాయ్ చక్రం కంటే స్పోక్స్ చక్రమే మేలు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు స్పోక్స్ ఆ తాకిడిని కొంత పంచుకుంటాయి, అల్లాయ్ పగిలితే దారి పక్కన సరిచేసే మార్గం ఉండదు. కానీ మామూలు స్పోక్స్ చక్రంలో ప్రతి స్పోక్‌కూ రిమ్ముకు ఒక రంధ్రం ఉంటుంది. గాలి అక్కడి నుంచి పోతుంది కాబట్టి లోపల ట్యూబు తప్పదు. ట్యూబు ఉన్న టైరులో మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోవచ్చు. సామానుతో, వెనక మనిషితో హైవేపై వెళ్తున్నప్పుడు అది ప్రమాదకరం. ఆ తర్వాత చక్రం విప్పాలి, టైరు అంచు రిమ్ము నుంచి వదిలించాలి, ట్యూబు లాగి ప్యాచ్ వేసి మళ్లీ అంతా బిగించాలి. దాదాపు 200 కిలోల బండికి ఒంటరిగా, నల్లమల అడవి మధ్యలోనో మారేడుమిల్లి ఘాట్‌లోనో ఈ పని చేయడం అనుభవజ్ఞులకూ తేలిక కాదు. ట్యూబ్‌లెస్ అయితే మేకు టైరులో ఉండగానే గాలి మెల్లగా దిగుతుంది. ఒక చిన్న కిట్టు, చేతి పంపు ఉంటే కొద్ది నిమిషాల్లో రంధ్రం పూడ్చుకుని కదలొచ్చు.

దీనికి పరిష్కారం ఎప్పటి నుంచో ఉంది. గాలి బయటికి పోకుండా కట్టిన స్పోక్స్ చక్రాలను పెద్ద అడ్వెంచర్ బళ్లు ఎన్నాళ్లుగానో వాడుతున్నాయి. హిమాలయన్ 450కి కూడా ఆ చక్రాలు విదేశీ మార్కెట్ల కోసం సిద్ధంగానే ఉన్నాయి. మన దేశంలో మాత్రం బండి వచ్చినప్పుడు లేవు. రైడర్లు అడుగుతూనే ఉన్నారు. చివరికి 2024 అక్టోబరులో ఇక్కడా వచ్చాయి. కొత్తగా కొనేవారికి సుమారు 11 వేల రూపాయలు అదనం. పాత బండి ఉన్నవారూ అంతకంటే కొంచెం ఎక్కువ పెట్టి విడిగా కొనుక్కునే వీలు కల్పించారు. ఈ పరిణామంలో గమనించాల్సింది ఒకటుంది. మూడో రకం లోటును రైడరు తనంతట తీర్చుకోలేడు, కంపెనీ తలుచుకుంటే మాత్రం పాత కొనుగోలుదారుకు కూడా న్యాయం చేయగలదు. మొదట కొన్నవారు అదనంగా డబ్బు పెట్టాల్సి రావడం బాధాకరమే. అయినా వారిని పూర్తిగా వదిలేయకపోవడం మంచి సంప్రదాయం. ఈ సంప్రదాయం మిగతా లోట్లకూ విస్తరించాలి.

వెనక చక్రం జారినప్పుడు

ట్రాక్షన్ కంట్రోల్ చేసే పని క్లిష్టమైనదేమీ కాదు. వెనక చక్రం ముందు చక్రం కంటే వేగంగా తిరుగుతోందంటే అది పట్టు తప్పి జారుతోందని అర్థం. ఆ క్షణంలోనే ఇంజను శక్తిని కాస్త తగ్గించి పట్టు నిలబెడుతుంది. దీనికి కావాల్సినవి ప్రధానంగా రెండు. ఒకటి, రెండు చక్రాల వేగాన్ని కొలిచే సెన్సర్లు. అవి ఏబీఎస్ కోసం ఎలాగూ ఉన్నాయి. రెండోది, రైడరు చేయి తిప్పినంతే గాకుండా అవసరమైనప్పుడు ఇంజనును తగ్గించగల ఏర్పాటు. హిమాలయన్ 450లో రైడ్ బై వైర్ ఉంది. అంటే యాక్సిలరేటర్‌కూ ఇంజనుకూ మధ్య కేబుల్ బదులు ఎలక్ట్రానిక్ వ్యవస్థ పనిచేస్తుంది. ఎకో, పెర్ఫార్మెన్స్ అనే రెండు మోడ్‌లు దాని వల్లే వచ్చాయి. సామగ్రి చాలావరకు బండిలోనే ఉన్నప్పుడు మిగిలేది ప్రోగ్రాం రాయడం, దాన్ని అన్ని రకాల నేలల మీద పరీక్షించడం, ధ్రువీకరణ తెచ్చుకోవడం. ఇందులో ఒక్కటి కూడా వీధి చివరి మెకానిక్ చేయగలిగింది కాదు, రైడరు డబ్బు పెట్టి బయట కొనుక్కోగలిగిందీ కాదు. అందుకే ఇది అసలైన లోటు.

మంచి రైడరుకు ఇది అక్కర్లేదు, కుడి చేతిలోనే ట్రాక్షన్ కంట్రోల్ ఉండాలి అని అనుభవజ్ఞులు అంటారు. వారి నైపుణ్యం మీద గౌరవం ఉంచుకుంటూనే ఈ మాటను పరిశీలించాలి. టూరింగ్ అంటే నైపుణ్యం శిఖరాన ఉన్న మొదటి గంట ఒక్కటే కాదు. ఉదయం నుంచి నడిపి నడిపి నడుము పట్టేసి, చీకటి పడే వేళకు వాన మొదలై, శ్రీశైలం ఘాట్‌లో తడిసిన ఆకులూ బురదా కలిసిన మలుపు దగ్గర చేయి కాస్త ఎక్కువ తిరగొచ్చు. ఎత్తులో ప్రాణవాయువు తక్కువైనప్పుడు ఎంత నేర్పరికైనా స్పందన మందగిస్తుంది. అలాంటి క్షణాల కోసమే ఈ సాయం. పైగా టూరింగ్ బండి కొనేవారిలో చాలామంది అప్పటిదాకా 150 సీసీ బండి నడిపినవారే. ఒక్కసారిగా 40 హార్స్‌పవర్ చేతికిచ్చి, నేర్చుకునే దాకా జాగ్రత్త అని చెప్పి పంపడం సరికాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. ఆ మరణాలన్నిటినీ ట్రాక్షన్ కంట్రోల్ ఆపుతుందని ఎవరూ అనలేరు. హెల్మెట్, రోడ్డు నిర్మాణం, వేగం, మద్యం వంటి కారణాలు ఎన్నో. కానీ ఇంత ప్రాణనష్టం ఉన్న దేశంలో తక్కువ ఖర్చుతో చేర్చగల ఏ రక్షణనైనా వద్దనడానికి చాలా గట్టి కారణం కావాలి.

బురదలో, ఇసుకలో వెనక చక్రం కొంత తిరగాలి, ట్రాక్షన్ కంట్రోల్ అడ్డుపడుతుంది అనేది మరో అభ్యంతరం. ఇది నిజమే. పూర్తిగా శక్తి కోసేస్తే వాలు మధ్యలో బండి ఆగిపోతుంది. అయితే ఈ అభ్యంతరానికి జవాబు ఈ బండే చెప్పింది. ఏబీఎస్ వచ్చిన కొత్తలోనూ ఇదే మాట వినిపించింది. రాళ్ల వాలులో దిగేటప్పుడు ఏబీఎస్ వల్ల బ్రేకు పట్టదని రైడర్లు అన్నారు. అందుకే వెనక చక్రానికి ఆపుకునే వీలు ఇచ్చారు. తారు రోడ్డు మీద కాపలా, మట్టిలో స్వేచ్ఛ రెండూ దక్కాయి. ట్రాక్షన్ కంట్రోల్‌కూ అదే మీట చాలు.

తక్కువ ఉంటే మేలన్న వాదన

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఎలక్ట్రానిక్స్ ఎంత పెరిగితే చెడిపోయేవి అంత పెరుగుతాయి, లేహ్ దారిలోని సర్చూ దగ్గర సెన్సర్ పోతే ఎవరు బాగు చేస్తారు, సాదాసీదా బండే దూరం తీసుకెళ్తుంది అంటారు. పాత 411 సీసీ బండి విషయంలో ఇది అక్షరాలా నిజం. చిన్న ఊరి మెకానిక్ కూడా దాన్ని అర్థం చేసుకోగలడు. ఆ సరళత కోసం తక్కువ శక్తిని, తక్కువ సదుపాయాలను ఇష్టంగా ఒప్పుకున్నవారు ఉన్నారు, వారి లెక్క సరైనదే. కానీ ఆ వాదనను కొత్త బండికి అలాగే అతికించలేం. రేడియేటర్, నీటి పంపు, రైడ్ బై వైర్, ఫోనుతో మాట్లాడే తెర ఉన్న బండి సాదాసీదా బండి కాదు. యాక్సిలరేటర్ సెన్సర్ పాడైతే ట్రాక్షన్ కంట్రోల్ ఉన్నా లేకపోయినా బండిని సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లాలి. సంక్లిష్టత వల్ల వచ్చే భారాన్ని రైడరు ఇప్పటికే మోస్తున్నాడు. ఆ భారానికి బదులుగా దక్కాల్సిన రక్షణ మాత్రం దక్కలేదు. సరళత పేరుతో ఈ లోటును సమర్థించడానికి ఇక్కడ ఆధారం లేదు.

దారి చూపే తెర సంగతీ ఈ కోణంలోనే చూడాలి. గూగుల్ మ్యాప్ హ్యాండిల్ దగ్గరే కనిపించడం నిజంగా గొప్ప సౌకర్యం, కొత్త ఊళ్లలో కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. కానీ అది ఫోను మీద ఆధారపడి నడిచేది. ఫోను చార్జింగ్ తగ్గినా, అనుసంధానం తెగినా తెర మీద దారి మాయమవుతుంది. లద్దాఖ్‌లో ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉన్నా చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ముందుగా ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకుని, ఒక కాగితపు మ్యాపు జేబులో పెట్టుకుంటే ఈ ఇబ్బంది తీరిపోతుంది. అంటే ప్రకటనల్లో అందరికంటే ముందు నిలబడే ఫీచర్ లేకపోయినా రైడరు నెట్టుకు రాగలడు. జారిపోతున్న వెనక చక్రాన్ని మాత్రం జేబులో ఉన్న ఏ వస్తువూ పట్టుకోలేదు. కంపెనీలు దేనికి డబ్బు, సమయం ముందు పెట్టాలో చెప్పడానికి ఈ పోలిక చాలు.

ధర అడ్డొస్తుందా?

ప్రతిదీ కావాలంటే ధర పెరగదా అన్నది న్యాయమైన ప్రశ్న. దీనికి మార్కెట్టే జవాబిచ్చింది. హిమాలయన్ 450 రావడానికి కాస్త ముందే, 2023 అక్టోబరులో, ట్రయంఫ్ స్క్రాంబ్లర్ 400 ఎక్స్ 2.63 లక్షలకు వచ్చింది. దాదాపు అదే శక్తి, అదే పన్ను, ఇంచుమించు అదే ధర. అందులో అవసరమైతే ఆపుకోగల ట్రాక్షన్ కంట్రోల్ ఉంది. 2025 అక్టోబరులో టీవీఎస్ అపాచీ ఆర్‌టీఎక్స్ 300 రెండు లక్షల లోపు ధరతో మొదలై, ట్రాక్షన్ కంట్రోల్‌తో పాటు క్రూజ్ కంట్రోల్ కూడా ఇచ్చింది. ఈ రెండో పోలికలో పన్ను తేడా ఉందని మరవకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బళ్లకు జీఎస్టీ 18 శాతం, అంతకు మించితే 40 శాతం. దానితో హిమాలయన్ షోరూమ్ ధర మూడు లక్షలు దాటింది. ఆ భారం కంపెనీ తెచ్చింది కాదు. ఆ రెండు బళ్లూ హిమాలయన్‌కు సాటి అని చెప్పడం కూడా ఇక్కడ ఉద్దేశం కాదు. స్క్రాంబ్లర్‌లో 13 లీటర్ల ట్యాంకు, 150 మిల్లీమీటర్ల సస్పెన్షన్ మాత్రమే ఉన్నాయి, తాండి దాటాక అవి సరిపోవు. అవి రుజువు చేసేది ఒక్కటే, ట్రాక్షన్ కంట్రోల్ వల్ల ధర ఆకాశాన్ని అంటదు.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. ఇన్ని లోట్లున్నా జనం కొంటున్నారు కదా, వారికి లేని బాధ మీకెందుకు అని. కొనుగోలు అంటే బండిలోని అన్నిటికీ సమ్మతి తెలిపినట్టు కాదు. ఎత్తు తక్కువ మనిషికి కాలు ఆనే సీటు, సొంత ఊరికి దగ్గరలో సర్వీస్ సెంటర్, 17 లీటర్ల ట్యాంకు, నిలబడి నడపడానికి వీలైన హ్యాండిల్ ఒకే చోట దొరికే బండి మరొకటి లేనప్పుడు రైడరు మిగతావాటికి సర్దుకుంటాడు. సర్దుకోవడాన్ని సంతృప్తిగా లెక్కవేస్తే తప్పుడు పాఠమే మిగులుతుంది. 2016లో ఏబీఎస్ లేని హిమాలయన్‌నూ జనం కొన్నారు. 125 సీసీ దాటిన బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేస్తూ కేంద్రం తెచ్చిన నిబంధన 2018 ఏప్రిల్‌లో కొత్త మోడళ్లకు, 2019 ఏప్రిల్‌లో అన్నిటికీ అమల్లోకి వచ్చింది. ఇవాళ ఆ స్థాయి బండిని ఏబీఎస్ లేకుండా ఊహించుకోగల రైడరు అరుదు. ఒకప్పటి విలాసం నేటి కనీస హక్కుగా మారింది. ట్రాక్షన్ కంట్రోల్ ప్రయాణం కూడా అటే సాగుతోంది, ఎంత త్వరగా చేరుతుందన్నది అడిగేవారి పట్టుదల మీద ఉంది.

ఎవరి వంతు ఎంత?

రైడర్ల వంతు, అడగడంలో ప్రాధాన్యం పాటించడం. పది కోరికల్లో ప్రాణానికి సంబంధించినది ఎనిమిదో వరుసలో కలిసిపోతే కంపెనీ తనకు తేలికైన మొదటి రెండూ తీర్చి ఊరుకుంటుంది. కొత్త రంగు, కొత్త స్టిక్కర్, పెద్ద తెర ఇవ్వడం సులువు. బండి కొనే ముందు తన ఎత్తు, తన దారులు, వెనక కూర్చునేవారు, దగ్గరలోని సర్వీస్ సెంటర్ చూసుకుని, తర్వాత చేర్చుకోలేనివి ఏమేం లేవో ఒక కాగితం మీద రాసుకుంటే ఏ ప్రకటనా, ఏ అభిమానమూ తప్పుదారి పట్టించలేవు. బండి సమీక్షలు రాసేవారు కూడా ఫీచర్ల పట్టిక పక్కన ఈ విభజన ఇవ్వాలి. ఏది బయట దొరుకుతుంది, ఏది ఫ్యాక్టరీలోనే రావాలి అని తెలిస్తే మొదటిసారి కొనేవాడికి అదే పెద్ద సాయం.

కంపెనీల వంతు ఇంకా పెద్దది. సౌకర్యాలను వేరియంట్ల వారీగా అమ్ముకోవచ్చు, తప్పులేదు. రంగుకో రేటు, పెట్టెలకో రేటు పెట్టుకోవచ్చు. కానీ భద్రతకు సంబంధించినవి అన్ని వేరియంట్లలోనూ, అన్ని దేశాల్లోనూ ఒకేసారి రావాలి. హిమాలయాల పేరు పెట్టుకుని, ఈ నేల మీదే తయారై, ఈ దారుల మీదే పరీక్షలు చేసుకున్న బండికి కావాల్సిన చక్రాలు విదేశీయుడికి ముందు అంది, మనకు దాదాపు ఏడాది ఆలస్యంగా అందడం మళ్లీ జరగకూడదు. సాంకేతికంగా సాధ్యమైన ప్రతిచోటా సాఫ్ట్‌వేర్ మెరుగులను పాత కొనుగోలుదారులకు సర్వీస్ సమయంలోనే అందించాలి. ట్యూబ్‌లెస్ చక్రాల విషయంలో తెరిచిన తలుపును మూసేయకూడదు.

హిమాలయన్ 450 మంచి బండి. దాని ట్యాంకు, సస్పెన్షన్, ఇంజను మన దారులను అర్థం చేసుకుని కట్టినవి. అందుకే దాన్ని అడగాల్సిన అవసరం ఇంకా ఎక్కువ. చేతకాని బండిని ఎవరూ నిలదీయరు, పక్కకు తప్పుకుని వేరేది కొంటారు. పెట్టెలు, అద్దాలు, దీపాలు మనం తర్వాత అమర్చుకోగలం. క్విక్ షిఫ్టర్ లేకుండా కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా హాయిగా వెళ్లిరాగలం. తడి మలుపులో నేలను పట్టుకునే తెలివి మాత్రం బండి పుట్టినప్పుడే దానిలో ఉండాలి. అది లేకుండా మూడు లక్షల బండి అమ్మే కంపెనీ ఏదైనా సరే, ఎందుకు లేదో చెప్పాల్సిన బాధ్యత దానిది. చెప్పేదాకా అడగాల్సిన బాధ్యత మనది.